వెన్నెముక వైద్యమునకు లెక్క వలయును

వెన్నెముకకు శస్త్రచికిత్స యనగానే మన గ్రామములందు రెండు మాటలు వినవచ్చును. కత్తి తగిలినచో కాళ్లు పడిపోవునని కొందఱు. పొల మమ్మియైనను పెద్దనగరమునకు పోయి చేయించుకొనవలెనని మఱికొందఱు. వీనిలో నేది యెవ్వరికి నిజమో తేల్చుట ఒక్క వైద్యుని యనుభవముచే సాధ్యము కాదు. ఏండ్ల తరబడి వ్రాసియుంచిన లెక్కయే దానిని తేల్చవలయును.

ఈ సంగతిని మదనపల్లె వారికి ఇతరులు బోధింప నక్కఱలేదు. ఆ పట్టణము చెంత ఆరోగ్యవరమున క్షయరోగులకై 1915లో వైద్యశాల తెఱవబడెను. అచ్చటి వైద్యులు 1950 మొదలు 1955 వఱకు పట్టణమునను పరిసర గ్రామములందును జనులను పరీక్షించి, క్షయ యెట్లు వ్యాపించుచున్నదో లెక్కగట్టి, 1960లో ప్రపంచారోగ్య సంస్థవారి పత్రికలో ప్రకటించిరి. మన పల్లెల లెక్క లోకమునకు పాఠమయ్యెను.

క్షయ ఊపిరితిత్తులతో నాగదు. వెన్నుపూసలను తొలిచి గూని కలిగించును; వెన్నుపామును నొక్కి కాళ్లను పడవేయును. 1956లో హాంకాంగునందు హాడ్గ్సన్, స్టాక్ అను సర్జనులు చెడిన భాగమును ముందువైపునుండి తొలగించి యెముక నతుకు పద్ధతిని ప్రకటించిరి. కత్తియా, మందా యను వాదము బలపడెను. బ్రిటిషు వైద్య పరిశోధన మండలివారు కొరియా, హాంకాంగు, బులవాయో, మదరాసులందు రోగులను చీట్లు వేసి విభజించి, ఒక్కొక్క తెగకు ఒక్కొక్క చికిత్స చేయించి చూచిరి. మందు తినుచు తిరుగాడినవారికంటె మంచమున పరుండినవారికి లాభ మధికముగా లేదని కొరియాలో తేలెను. హాంకాంగు శస్త్రచికిత్స గూని పెరుగకుండ కాపాడెను. కాళ్లు బొత్తిగా పడిపోయినవారు ఈ పరీక్షలలో చేరలేదు గనుక వారి విషయము వేఱు. 15 ఏండ్ల తరువాతను రోగులను వెదకి చూచి, ఆ ఫలితములను 1998లో వెల్లడించిరి. రోగిని మఱువకుండుటయే ఆ పరిశోధన గొప్పతనము.

నేడు మన సర్జనుల కట్టి యవకాశ మేది? పుంగనూరు ప్రాంతమున చింతకాయలు దులుపుటకు చెట్టెక్కిన కూలివాడు జారిపడి నడుము విఱుగగొట్టుకొనెననుకొందము. సర్జను మేకులు బిగించి పంపును. ఏడాది గడచినపిదప వాడు నడచుచున్నాడా, పనికి పోవుచున్నాడా యని యడుగువా రెవ్వరు? విత్తినవాడు కోతనాడు చేనికి పోకుండిన, ఏ విత్తనము మంచిదో వాని కెట్లు తెలియును? స్వీడను దేశమునందు వెన్నెముక సర్జనులు దేశమంతకు నొక్క రిజిస్టరు పెట్టి, శస్త్రచికిత్స జరిగిన యేడాదికి, రెండేండ్లకు, అయిదేండ్లకు రోగినే ప్రశ్నించుచున్నారు.

చికిత్సకే సర్జనులు చాలనప్పుడు పరిశోధన విలాసము కాదా యని కొంద ఱాక్షేపింతురు. సర్జనులు కొఱతగా నున్నచోటనే, ఎవ్వరికి కత్తి యవసరము, ఎవ్వరికి కాదు అని తెలియుట మిక్కిలి యవసరము. వ్యర్థమైన శస్త్రచికిత్స యొక కుటుంబమును అప్పులపాలు చేయును. సకాలమున జరుగని శస్త్రచికిత్స యొక మనుష్యుని మంచమున పడవేయును.

ఇందుకు వలసినవి భవనములు కావు. లెక్క వ్రాయు నొక గుమాస్తా, గణిత మెఱిగిన యొక సహాయుడు, వారమున నొక పూట తీరిక, మరల వచ్చు పేదరోగికి బస్సు ఛార్జీ: ఇవి చాలును. రోగి యంగీకారము లేక యేదియు వ్రాయరాదు. వాని పేరు వెల్లడి కారాదు. కుప్పమున పేరుననే పరిశోధన గల వైద్య కళాశాల యున్నది. ఆరోగ్యవరమున పూర్వానుభవ మున్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పముల వైద్యులు కలసి యొక్క రిజిస్టరు నారంభింపవలెనని మా సూచన. 2007లో ఆరోగ్యశ్రీ యారంభమైనది మొదలు పేదల శస్త్రచికిత్సకు ప్రజాధనము వ్యయమగుచున్నది. ధనమిచ్చువారికి ఫలిత మడుగు హక్కు కలదు. ఆ హక్కును ప్రభుత్వము వినియోగించుగాక. ఆ లెక్కకు వలయు స్వల్ప వ్యయమును మన ప్రాంత భూస్వాములును వర్తకులును భరింతురుగాక.