ట్రాక్టర్‌కీ ట్రక్కుకీ మధ్యలో మనిషి ఎందుకు నిలబడాలి?

కోతలు దగ్గర పడ్డాయి. ఇంకో ఇరవై రోజుల్లో షెడ్లలోంచి, చింతచెట్ల కిందనించి మన ట్రక్కులన్నీ బయటికొస్తాయి. అందుకే ఈ మాట ఇప్పుడే రాస్తున్నా. ఈసారి ధాన్యం రేటు గురించి కాదు, యూరియా గురించి కాదు. ఒక పిన్ను గురించి. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

మా డెల్టాలో ట్రక్కు అంటాం, కొన్ని ఊళ్లలో తొట్టి, తెలంగాణ వైపు ట్రాలీ. పేరు ఏదైనా తగిలించే పద్ధతి మాత్రం అన్నిచోట్లా ఒకటే. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తూ రివర్సు చేస్తాడు. ఇంకొకడు ట్రక్కు ముందు కొస పట్టుకుని, "రా... రా... ఇంకొంచెం... కొట్టు ఎడమకి... ఆపు ఆపు" అంటాడు. రింగు వచ్చి బెజ్జానికి ఎదురుగా నిలబడగానే పిన్ను దింపుతాడు. అర అంగుళం తేడా వస్తే మళ్లీ ముందుకి, మళ్లీ వెనక్కి. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ ఇంకొకడు ఎక్కడ ఉంటాడు? రెండు ఇనుముల మధ్యలో.

మూడేళ్ల కిందట సంక్రాంతి ముందు, వరిగడ్డి తోలుతున్నాం. చీకటి పడింది, మంచు మొదలైంది. ఇంకో ట్రిప్పు అయితే చేను ఖాళీ. సీట్లో నేను, వెనక మా బాబాయి కొడుకు. "ఆపు అన్నాయ్" అన్నాడు. ఆపాను. వాడు పిన్ను పెట్టబోయాడు. ట్రాక్టర్ ఒక్క జానెడు వెనక్కి జరిగింది. కుడిచేతి రెండు వేళ్లు పోయాయి.

ఆసుపత్రిలోనూ, ఊళ్లోనూ, ఇంట్లోనూ అందరికీ ఒకటే చెప్పాను, క్లచ్ జారిందని. ఇప్పుడు రాస్తున్నా, క్లచ్ జారలేదు. నేను గేరు తియ్యలేదు. క్లచ్ తొక్కి పట్టుకుని కూర్చున్నా, ఎలాగూ మళ్లీ కదలాలి కదా అని. బురద కాలు, చెప్పు లేదు, పెడల్ మీద నించి కాలు జారింది. తప్పు బండిది కాదు, నాది. ఈ పోస్టు చదివే వాళ్లలో గేరులో ఉంచి క్లచ్ మీద నిలబెట్టే వాళ్లు నాలాంటి వాళ్లు ఎంతమంది ఉన్నారో ఎవరికి వాళ్లకే తెలుసు.

నా తప్పు ఒప్పుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలింది. నా కాలు జారితే వాడి వేళ్లు ఎందుకు పోవాలి? అసలు వాడు అక్కడ ఎందుకు ఉండాలి?

దీని మీద చాలా ఆలోచించాను. నాకు తట్టింది ఇది. ట్రాక్టర్ కంపెనీ వాళ్లది. ఇంజనుకి, గేరు బాక్సుకి వారంటీ ఇస్తారు. ట్రక్కు మన వెల్డింగ్ షాపు వాళ్లది. చాసిస్ కి, బాడీకి వాళ్లు మాట ఇస్తారు. ఆ రెంటినీ కలిపే పిన్ను ఎవరిదీ కాదు. పాత లారీ షాఫ్టు ముక్క తెచ్చి పైన రాడ్డు వంచి అతికిస్తే అదే పిన్ను. అది పోతే గడ్డపార ముక్క, అదీ లేకపోతే స్లాబులో మిగిలిన ఇనుప చువ్వ. నాలుగు టన్నుల పైన బరువు లాగే చోట మనం పెట్టే వస్తువు ఇది.

లెక్క వేసుకోండి. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే 4500 కిలోలు. రెండు చక్రాల ట్రక్కులో ఆ బరువంతా చక్రాల మీదే ఉండదు, కొంత ముందు కొస మీదికి వస్తుంది. పదో వంతు వచ్చినా 450 కిలోలు ఆ పిన్ను దగ్గర కూర్చున్నట్టే. బస్తాలు వెనకవైపు ఎక్కువ పేర్చారనుకోండి, అప్పుడు కొస పైకి లేస్తుంది. పిన్ను తియ్యగానే అది గడ్డం కింద తగులుతుంది. ఎద్దుబండి తోలిన మన తాతలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ముందు బరువైతే ఎద్దు మెడ పోతుంది, వెనక బరువైతే నొగలు పైకి లేస్తాయి. అందుకే సరిచూసుకుని సర్దేవాళ్లు. ఎద్దుల్ని విప్పే ముందు నొగల కింద పోటు కర్ర పెట్టేవాళ్లు. ఇరుసు చివర కడసీల ఉందో లేదో పొలం బయల్దేరే ముందు చేత్తో తడిమి చూసేవాళ్లు. ఎద్దులు పోయి 50 గుర్రాల బండి వచ్చింది. పోటు కర్రా పోయింది, తడిమి చూసే అలవాటూ పోయింది.

ఇంకో సంగతి, ఎత్తు. కొందరు ట్రక్కు బురదలో దిగబడితే గొలుసు తీసుకెళ్లి పైన టాప్ లింక్ దగ్గర కడతారు, పట్టు బాగా ఉంటుందని. అది చావు కొనుక్కోవడం. లాగే చోటు వెనక ఇరుసు కంటే పైన ఉంటే ట్రాక్టర్ ముందు చక్రాలు లేస్తాయి, కన్ను మూసి తెరిచేలోపు బండి డ్రైవరు మీదికి తిరగబడుతుంది. కింద డ్రాబార్ అనేది అలంకారానికి పెట్టలేదు. లాగేది ఏదైనా ఇరుసు కంటే కిందనించే లాగాలి.

మనిషి దిగక్కర్లేకుండా ట్రక్కు తగిలించుకునే ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో కోవెంట్రీ ఊళ్లో 1946 నించి 1956 దాకా తయారైన ఫెర్గూసన్ టీఈ-20 ట్రాక్టర్లకే ఇది ఉంది. హైడ్రాలిక్ తో కిందికి దిగే కొక్కెం ఒకటి వెనక ఉంటుంది. డ్రైవరు రివర్సు చేసి కొక్కేన్ని రింగు కిందికి పోనిచ్చి లిఫ్టు లేపుతాడు. రింగు కొక్కెంలో కూర్చుంటుంది, గొళ్లెం పడుతుంది, అంతే. సీటు దిగే పని లేదు, మధ్యలో మనిషి లేడు. వాళ్ల ట్రైలర్ చక్రాలు కూడా వెనక్కి జరిపి పెట్టారు, బరువు కొంత ట్రాక్టర్ వెనక టైర్ల మీద పడి పట్టు వచ్చేలాగా. అక్కడి ట్రాక్టర్లకి ఇప్పటికీ ఆ కొక్కెం మామూలు విషయం. ఆ కొక్కెం, పిన్ను బెజ్జం ఎంత కొలతలో ఉండాలో ఐఎస్ఓ 6489 అని ఒక ప్రమాణమే ఉంది. ఏ కంపెనీ ట్రైలర్ అయినా ఏ కంపెనీ ట్రాక్టర్‌కైనా సరిపోవాలని.

మన దగ్గర ఎందుకు రాలేదు? నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఒకటి, ఊరికో వెల్డింగ్ షాపు, షాపుకో ఎత్తు, ఎత్తుకో రింగు. మా ట్రక్కు పక్కింటి ట్రాక్టర్‌కి తగలదు, తగిలినా వంకరగా లాగుతుంది. రెండు, మన దగ్గర మనిషి చవక. "కుర్రాడు పట్టుకుంటాడులే" అనే మాట ఉన్నంతకాలం ఏ కంపెనీ వాడికీ కొక్కెం అమ్మాల్సిన అవసరం రాదు.

ఖర్చు గురించి అడుగుతారు. నిజమే, హైడ్రాలిక్ కొక్కెం ఇవాళే అందరూ పెట్టించుకోమని నేను అనను. నేను కూడా పెట్టించలేదు. నేను చేయించింది చెప్తా, మొత్తం నాలుగు వేల లోపే అయింది.

మొదటిది, కొస కింద మర జాకీ. అడుగున చిన్న పళ్లెం, పైన తిప్పే పిడి. ట్రాక్టర్ రాకముందే రింగు ఎత్తు సరిచేసి పెట్టుకోవచ్చు. కొస పట్టుకుని నిలబడే మనిషి అవసరం ఇక్కడే సగం పోయింది.

రెండోది, ట్రాక్టర్ వెనక రెండు ఇనుప పలకలు, గరాటు నోరు లాగా విప్పి అతికించాం. రింగు నాలుగు అంగుళాలు అటూ ఇటూ ఉన్నా పలకలకి తగిలి జారుకుంటూ మధ్యకే వస్తుంది. ఒక సంగతి, మలుపులో అవి కొసకి తగలకూడదు, లిఫ్టు చేతులకి అడ్డు రాకూడదు. పూర్తిగా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాకే గట్టిగా వెల్డింగ్ చేయించండి.

మూడోది, ట్రక్కు ముందు తలుపు మీద నడిమధ్యన నిలువుగా తెల్ల రంగు గీత. రింగుకి సూటిగా పైన. సీట్లో వెనక్కి తిరిగితే రింగు కనపడదు గానీ గీత కనపడుతుంది. ఇది పైసా ఖర్చు లేని పని. మూడు పనులూ అయ్యాక మొదట్లో నాకూ ఐదారుసార్లు ముందుకీ వెనక్కీ పోవాల్సి వచ్చింది. ఇప్పుడు రెండోసారికి పడుతుంది.

నాలుగోది, సరైన పిన్ను. బెజ్జానికి సరిపోయే లావు, పైన చెయ్యి పట్టే పిడి, కింద లించ్ పిన్ను. పిన్నుని గొలుసుతో ట్రక్కుకే కట్టేశాం, పోయింది అనే మాట లేకుండా. బెజ్జం కోడిగుడ్డులా సాగిపోయి ఉంటే పిన్ను మార్చి లాభం లేదు, ఆ పలకే మార్పించాలి. గేరు మార్చినప్పుడల్లా వెనక నించి టక్కుమని వచ్చే దెబ్బ ఆ బెజ్జం మాట్లాడే మాటే.

ఐదోది, రక్షణ గొలుసులు రెండు, కొస కింద ఒకదాని మీద ఒకటి వాలేట్టు అడ్డంగా. పిన్ను ఊడినా కొస రోడ్డు మీద పడకుండా ఆ గొలుసుల్లో ఆగుతుంది.

"ఇన్నేళ్లూ ఏమీ కాలేదు కదా" అంటారు. నాక్కూడా ఇరవై ఏళ్లు ఏమీ కాలేదు. ఒక్కరాత్రి అయింది. "మేం జాగ్రత్తగానే ఉంటాం" అంటారు. జాగ్రత్త అనేది పొద్దున ఆరింటికి ఉన్నంత రాత్రి ఎనిమిదింటికి ఉండదు. అందుకే నా మాట ఏంటంటే, భద్రత మనిషి జాగ్రత్త మీద ఆధారపడకూడదు, ఇనుములో ఉండాలి.

ఇవేమీ చెయ్యలేకపోయినా ఒక్క పద్ధతి పెట్టుకోండి. ట్రాక్టర్ కదులుతున్నంతసేపు మధ్యలోకి ఎవరూ పోకూడదు. సైగ చేసేవాడు పక్కన, డ్రైవరుకి కనపడే చోట నిలబడాలి. బండి ఆగి, గేరు న్యూట్రల్ లోకి వచ్చి, హ్యాండ్ బ్రేక్ వేసి, డ్రైవరు రెండు చేతులూ పైకి చూపించాకే పిన్ను పట్టుకున్నవాడు లోపలికి రావాలి. ట్రక్కు చక్రాలకి ముందూ వెనకా రాయి పెట్టండి. రోడ్డెక్కే ముందు రెండు బ్రేకు పెడల్స్ కలిపి లాకు వెయ్యండి. మన ట్రక్కులకి చాలావాటికి బ్రేకులే లేవు, కట్ట దిగేటప్పుడు వెనక బరువు తోస్తుంటే ఒకవైపు బ్రేకు పడితే ట్రాక్టర్ అడ్డం తిరుగుతుంది.

ట్రక్కులో కూలీలని ఎక్కించడం మీద ఇంకోసారి వివరంగా రాస్తా. 2018లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర ట్రాక్టర్ కాలువలో పడి పనికి పోతున్న ఆడకూలీలు ఎంతమంది చనిపోయారో మనకి గుర్తుంది. అది పిన్ను వల్ల జరిగింది కాదు. కానీ మనుషులు కూర్చున్న ట్రక్కు ఇనుప చువ్వ మీద వేలాడుతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా ఆ కోవలోదే.

ప్రభుత్వానికి, కంపెనీలకి ఒకటే మాట. రోటవేటర్లకి, స్ప్రేయర్లకి సబ్సిడీ ఇస్తున్నారు, సంతోషం. ఆ లిస్టులో కొక్కెం, జాకీ కూడా పెట్టండి. ట్రక్కుకి వేరే నంబరు ఇచ్చి రిజిస్టర్ చేస్తున్నారు కదా, ఆ రోజే రింగు ఎత్తు, పిన్ను, గొలుసు కొలిచి చూడండి. కంపెనీ వాళ్లు కొత్త ట్రాక్టర్‌తో బంపరు, టోపీ, గొడుగు ఇస్తారు. ఒక మంచి పిన్ను ఇవ్వలేరా?

ఇది రాస్తానని మావాడితో చెప్పాను. గేదె దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు ఎడమ చేత్తో పాలు పితుకుతాడు, మునుపటికంటే రెట్టింపు టైము పడుతుంది. "క్లచ్ జారిందని చెప్పావుగా అన్నాయ్, అదే ఉంచు, ఇప్పుడు ఎందుకు" అన్నాడు. వాడికి మొదటినించీ తెలుసు. మూడేళ్లు ఒక్క మాట అనలేదు.

ఉంచలేను రా. వాళ్ల పెద్దబ్బాయికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. మొన్న సాయంత్రం నేను రివర్సు చేస్తుంటే ఎవరూ పిలవకుండానే పరిగెత్తుకొచ్చి ట్రక్కు కొస పట్టుకున్నాడు. బండి ఆపి కిందికి దిగి, వాణ్ణి పక్కకి పిలిచి, ముందు ఆ తెల్ల గీత ఎందుకో చెప్పాను.