జ్వరమునకు పేరు పెట్టుట

వానకాలమున జ్వరము రాగానే మన యూళ్లలో ఇరుగుపొరుగువారే దానికి పేరు పెట్టుదురు. కీళ్లు నొచ్చిన చికున్‌గున్యా యనియు, ఒంటిపై దద్దురులు లేచిన డెంగ్యూ యనియు తేల్చివేయుదురు. ఈ యలవాటు మాకు సమ్మతము కాదు. 1963లో కలకత్తాలో ఈ రెండు జ్వరములును కలిసియే ప్రబలెను. కేవలము చూచి వానిని వేరుచేయుట వైద్యులకే కష్టము. నొప్పికని ఆస్పిరిన్ మ్రింగించినచో డెంగ్యూ రోగికి రక్తస్రావము కలుగవచ్చును.

రక్తపరీక్షకును వేళ కలదు. మొదటి అయిదు దినములలో వైరసునుగాని, ఎన్‌ఎస్ 1 అను దాని మాంసకృత్తునుగాని వెదకుదురు. పిమ్మట దేహము పుట్టించు ప్రతిరక్షకములను చూతురు. కావున బిడ్డకు జ్వర మే దినమున ప్రారంభమైనదో తలిదండ్రులు వైద్యునికి తప్పక చెప్పవలెను. (సరిగా చెప్పువారు అరుదు!) తొలి పరీక్షలో ఏమియు కానరాకున్నంత మాత్రమున రోగము లేదనుకొనరాదు.

దోమలను పట్టి పరీక్షించుట యనిన పలువురు నవ్వుదురు. వెల్లూరు ప్రాంతమున 1955లో జపాను మెదడువాపు జ్వరమును రోగులయందు గుర్తించిరి; మరుసటి యేట అచ్చటి క్యూలెక్సు దోమలనుండియు ఆ వైరసును వేరుపరచిరి. ఆ దోమ వరిమళ్లలో పెరిగి, చీకటిపడిన పిమ్మట కుట్టును. డెంగ్యూను తెచ్చు ఏడీసు దోమయో, ఇంటి తొట్లలో పెరిగి పగలే కుట్టును. దోమ యేదో, దానిలోని వైరసు ఏదో తెలిసినగాని ఎచ్చట పని మొదలిడవలెనో తెలియదు. నేడు ఒకే జాతి దోమలను పదుల కొలది కలిపి నూరి, పి.సి.ఆర్. పరీక్షచే వైరసు జన్యుపదార్థమును వెదకుచున్నారు. జ్వరము వచ్చిన వీధిలో పొగ వేయించు పురపాలకులు, ముందుగా ఆ వీధి దోమలను పట్టించి ప్రయోగశాలకు పంపుట మేలని మా యభిప్రాయము.