రెండొందల వంటిళ్ల లెక్క

దోహాలో ఒక విల్లాకి కిచెన్ చేసిచ్చి, ఆ ఇంటావిడ మురిసిపోతుంటే చూడటం బాగుంటుంది. కానీ లుసైల్ వైపో, పెర్ల్ వైపో వెళ్తున్నప్పుడు ఆ టవర్లు చూసి, "ఇన్ని వంటిళ్లు ఎవరు చేస్తున్నారు, మనదాకా ఎందుకు రావు?" అని మనలో కిచెన్ డిజైనర్లకి అనిపించకుండా ఉండదు.

చాలాసార్లు లోపం డిజైన్‌లో ఉండదు, మనం వెళ్లే వేళలో ఉంటుంది. విల్లాలో మాట్లాడేది వండుకునే మనిషితో. టవర్‌లో ఆవిడ ఇంకా దిగలేదు. డెవలపర్, ఆయన తరఫున కన్సల్టెంట్, ఆ కింద మెయిన్ కాంట్రాక్టర్ ఉంటారు. బిల్డింగ్ లేచాక కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్తే మిగిలేది ధర బేరమే. డ్రాయింగులు కన్సల్టెంట్ దగ్గర ఉండగానే వెళ్తే మన మాటకి విలువ. స్లాబ్ పోశాక సింక్ డ్రెయిన్ జరపడం ఎంత ఖర్చో వాళ్లకి తెలుసు.

అక్కడ మనకో బలం ఉంది. గల్ఫ్‌లో పెద్ద ఇళ్లకి రెండు వంటిళ్లు: చుట్టాలకి కనిపించేది ఒకటి, అసలు వంట జరిగే "డర్టీ కిచెన్" ఒకటి. ఫ్లాట్‌లో సాధారణంగా ఆ రెండోది ఉండదు. పోపు ఘాటు ఎటు పోవాలి, గ్రైండర్ ఎక్కడ పెట్టాలి, బియ్యం బస్తా ఏ అరలో పట్టాలి, ఇవన్నీ మనకి చేతి అలవాటు. డ్రాయింగ్ మీద అదే గీసి చూపించండి.

తర్వాత కాగితాలు. త్రీడీ బొమ్మల కన్నా బీఓక్యూలో ప్రతి లైనుకీ ధర రాయడం ముఖ్యం. బోర్డు, హింజ్, కౌంటర్ టాప్ శాంపిళ్లకి ఆమోదం, షాప్ డ్రాయింగులు, ఆ తర్వాత మాకప్ ఫ్లాట్. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసినట్టు, ఆ ఒక్క ఫ్లాట్‌ చూసి మిగతావాటికి సరే అంటారు. అయినా గోడలు అన్ని ఫ్లాట్లలో ఒకేలా రావు. ప్రతిదీ కొలుచుకోవాల్సిందే.

ఇక డబ్బు. ఉదాహరణకి 200 వంటిళ్లు, ఒక్కోటి 10,000 రియాళ్లు అనుకుందాం. మొత్తం 20 లక్షలు. రిటెన్షన్ కింద 10 శాతం పట్టుకుంటే 2 లక్షలు ఆగిపోయినట్టే. సాధారణంగా అందులో సగం అప్పగించినప్పుడు, మిగతా సగం ఏడాది గడువు దాటాక వస్తాయి. మీ లాభం 12 శాతమైతే, దాదాపు అంతా అక్కడే ఇరుక్కుంటుంది. పైగా పెర్ఫార్మెన్స్ బాండ్‌కి బ్యాంకు డిపాజిట్ అడగొచ్చు. "మాకు వచ్చాకే మీకు" అనే షరతు కూడా ఇక్కడి సబ్‌కాంట్రాక్టుల్లో మామూలే. సంతకానికి ముందు ఆ పేజీ లాయర్‌కి చూపించండి.

అందుకే మొదటి టవర్‌కి గాజులు తాకట్టు పెట్టి సొంతంగా టెండర్ వేయకండి. పేరున్న ఒక జాయినరీ ఫ్యాక్టరీతో కలిసి వెళ్లండి: బాండు, సరుకు వాళ్లవి, డిజైన్, కొలతలు, సైట్ పర్యవేక్షణ మీవి. మీ ఫీజు నెలనెలా వచ్చేలా రాయించుకోండి. ఫ్యామిలీ వీసా మీద ఉంటే ముందు పని అనుమతి తీసుకోవడం మరిచిపోకండి. ఒక టవర్ పూర్తయ్యేసరికి ఆ కన్సల్టెంట్‌కి మీ పేరు తెలుస్తుంది. రెండోదానికి మీ లెక్క మీరే వేసుకోవచ్చు.