నాట్లెయ్యని రైతుని నేను

2025 జూన్ లో ఒక రోజు, క్లయింట్ కాల్ మధ్యలో ఉండగా ఫోనుకి మెసేజి వచ్చింది. నా అకౌంటులో పద్దెనిమిది వేలు జమ. రైతు భరోసా! అంటే ప్రభుత్వం లెక్కలో నేను రైతునన్నమాట. వరికీ ఊదకీ తేడా చెప్పమంటే తల గోక్కునే నేను..

విషయం ఏంటంటే, నల్గొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలవ కింద మాకున్న పొలంలో మూడెకరాలు నాన్న నా పేరు మీద చేయించారు. నేనప్పటికి ఇంజనీరింగు కూడా పూర్తి చెయ్యలేదు. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు సీజనుకి ఎకరానికి 4,000. 2019 లో అది 5,000 అయింది. ప్రభుత్వం మారాక, 2025 జనవరిలో రైతు భరోసా పేరుతో 6,000 చేశారు. పేరు మారింది, రేటు మారింది. డబ్బులు పడే అకౌంటు మాత్రం మారలేదు. పాసుబుక్కు ఎవరిదైతే డబ్బులు వాళ్ళవే.

ఆ మూడెకరాలు చేసేది మా ఊళ్ళో అన్న ఒకాయన. పంటకి ఎకరానికి పది బస్తాల కౌలు. విత్తనాలు, ఎరువులు, నాటు కూలీలు, కోత మిషను అన్నీ ఆయన నెత్తి మీదే. వానకి వడ్లు తడిస్తే నష్టమూ ఆయనదే. కొనుగోలు కేంద్రంలో అమ్మాలంటే మాత్రం నా పాసుబుక్కు జిరాక్సు కావాలి!

ఇంకా అన్యాయం రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ళ లోపు పట్టాదారు ఏ కారణంతో పోయినా ఇంట్లోవాళ్ళకి 5 లక్షలిచ్చే పథకం, 2018 లోనే వచ్చింది. ఏసీ గదిలో కూర్చున్న నాకేమన్నా అయితే మా ఇంటికొస్తాయి. రాత్రిపూట నీళ్ళు కట్టబోయి ఆయన్ని పాము కరిస్తే వదినకి ఒక్క రూపాయి రాదు. వాళ్ళ పేరు మీద గుంట భూమి కూడా లేదు మరి.

మన భాషలో చెప్పాలంటే ఇది డేటా మోడల్ తప్పు. పాత పహాణీల్లో పట్టాదారు కాలమ్ పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. 2020 లో వచ్చిన ధరణిలో అది లేకుండా పోయింది. టేబుల్లో లేని మనిషికి డబ్బులెలా పంపుతారు? కేంద్రం 2019 లో తెచ్చిన పీఎం కిసాన్ కూడా భూమి ఉన్నవాళ్ళకే. కాకపోతే ఇన్‌కం టాక్స్ కట్టేవాళ్ళకి ఇవ్వరు, అందుకే అది నాకు రాదు. కనీసం ఒక ఇఫ్ కండిషన్ పెట్టారు!

కౌలుదార్లని గుర్తించడం కుదరదంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 లోనే చట్టం చేసి రుణ అర్హత కార్డులిచ్చారు కదా? ఆంధ్రాలో 2019 చట్టం పదకొండు నెలల కార్డు పెట్టింది, కానీ భూయజమాని సంతకం కావాలంది. పెట్టేదెవరు? మా నాన్ననే అడిగా. "ఇయ్యాల కార్డంటడు, రేపు భూమే నాదంటడు" అన్నారు. 1950 కౌలుదారీ చట్టంతో రక్షిత కౌలుదార్లకి హక్కులొచ్చిన కథలు వింటూ పెరిగిన తరం ఆయనది. భయం ఊరికే రాలేదు. కానీ ఆ కార్డుతో వచ్చేది పంట మీద హక్కే, భూమి మీద కాదు.

సాయం కౌలుదారుకిస్తే యజమాని కౌలు పెంచేస్తాడు అనే వాదన కూడా ఉంది. నిజమే, కొంతమంది పెంచుతారు. అందుకే ముందు బీమా ఇవ్వండి, వడ్లు ఆయన పేరు మీదే కొనండి అంటాను. వీటితో మనలాంటివాళ్ళకి పైసా పోదు. ఆ తర్వాత టాక్స్ కట్టేవాళ్ళకి సాయం ఆపండి, నాతో సహా.

ఆ పద్దెనిమిది వేలు అన్నకి పంపించేశా. "నీ పేరు మీద పడ్డయి గద తమ్మీ, నాకెందుకు?" అన్నాడు. ఆ మాటకి సిగ్గేసింది. నేను దయ తలిస్తే అందేది పథకం ఎలా అవుతుంది? రేపు నాకు ఈఎంఐ భారం పెరిగితే పంపుతానో లేదో నాకే తెలీదు.

మనలో చాలామందికి ఊళ్ళో పొలం ఉంది, ఇలాంటి మెసేజీలూ వస్తున్నాయి. మీ పొలం ఎవరు చేస్తున్నారో, ఆ డబ్బులు ఎటు పోతున్నాయో ఒకసారి చూసుకోండి.