ఒడ్డున ఉన్న పడవకూ కాపలా కావాలి

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలూ మర పడవలకు విశ్రాంతి. ఇసుక మీదకు లాగిపెట్టిన బోట్లకు రాత్రిళ్లు రక్షణ కరవు. రెండు బిగింపు మరలు వదులు చేస్తే చాలు, చిన్న అవుట్‌బోర్డ్ ఇంజిన్ ఊడి వస్తుంది. ఇద్దరు మనుషులు మోసుకుపోగలరు. అప్పు చేసి దాన్ని కొన్న కుటుంబానికి మాత్రం నిషేధం ముగిసినా వేట మొదలుకాదు.

వీలైతే ఇంజిన్‌ను ఇంటికి చేర్చాలి. కుదరకుంటే మరల పిడులు తిరగకుండా తాళం బిగించాలి. పడవ రిజిస్ట్రేషన్ నంబరును ఇంజిన్‌పై చెక్కించి, కంపెనీ వేసిన సీరియల్ నంబరును ఫొటో తీసి దాచుకోవాలి. అయితే భారమంతా మత్స్యకారులపైనే మోపడం న్యాయం కాదు. నిషేధ కాలంలో మెరైన్ పోలీసుల గస్తీ ప్రతి రేవుకూ చేరాలి. ఇంజిన్ నంబర్ల జాబితాను మత్స్యశాఖ పోలీసులకు అందుబాటులో ఉంచాలి. బిల్లు లేకుండా పాత ఇంజిన్లు కొనేవారిపైనా కేసులు పెట్టాలి. కొనేవాడికి భయం పుడితేనే దొంగ చేతులు ఆగుతాయి.