మా ఆరోగ్య లక్ష్యాలు మాతో కూర్చుని రాయండి

గౌరవనీయులైన అనకాపల్లి జిల్లా కలెక్టర్ గారికి,

అచ్యుతాపురం, రాంబిల్లి, పరవాడ మండలాల కర్మాగారాల కార్మికులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: కర్మాగారాల వెల్‌నెస్ కార్యక్రమాల లక్ష్యాలను మార్పించాలని.



కంపెనీల్లో ఈమధ్య వెల్‌నెస్ కార్యక్రమాలు బాగా పెరిగాయి. బీపీ, షుగర్ పరీక్షల శిబిరం, పొద్దుటి యోగా, ఫోనులో అడుగులు లెక్కపెట్టే పోటీ. మేం వద్దనడం లేదు. 2025 జూన్ 21న విశాఖ తీరంలో యోగాకి కూర్చున్న లక్షల మందిలో మావాళ్లూ ఉన్నారు. మా పేచీ అంతా లక్ష్యాలతోనే. శిబిరానికి నూటికి ఇంతమంది రావాలని రాసుకుంటారు. వస్తాం, సంతకం పెడతాం, ఫొటో దిగుతాం. లక్ష్యం నెరవేరినట్టే. బీపీ ఉందని తేలినవాళ్లు మందు వాడుతున్నారా, వాళ్లకి రాత్రి షిఫ్టు తగ్గించారా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు.

అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తన ఉద్యోగుల్లో దాదాపు 5 వేల మందిని లాటరీ పద్ధతిలో విడదీసి ఇలాంటి కార్యక్రమాన్నే పరీక్షించింది. ముందునుంచీ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువగా చేరారు. అలవాట్లలోగానీ వైద్య ఖర్చులోగానీ చెప్పుకోదగ్గ మార్పు కనపడలేదు. హాజరు పట్టీ చూసి ఆరోగ్యం బాగుపడిందనుకోవడం అక్కడే కుదరలేదు.

పైగా మా చోటు వేరు. 2022 జూన్ 3న, మళ్లీ ఆగస్టు 2న అచ్యుతాపురం సెజ్‌లో విషవాయువు పీల్చి కుట్టుపని చేసే ఆడవాళ్లు కుప్పకూలారు. 2024 ఆగస్టు 21న అక్కడే ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడుకి 17 మంది పోయారు. ఇలాంటి చోట ఆరోగ్య లక్ష్యం మేం పీల్చే గాలితో మొదలవ్వాలి. మా నడుం చుట్టుకొలత సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కాబట్టి ప్రతి లక్ష్యంలోనూ ఏ విభాగం, ఏ ముప్పు, ఎంత తగ్గాలి, ఏ తేదీకి అన్నవి ఉండేలా చూడండి. రసాయనాల దగ్గర పనిచేసేవారికి చేరిన రోజున ఒకసారి, ఆపైన ఆరు నెలలకోసారి ఊపిరితిత్తుల పరీక్ష చేయాలి. ఒకే విభాగంలో పలువురి ఫలితం తగ్గితే ముందు అక్కడి పొగ లాగే ఫ్యాన్లను, గొట్టాలను బాగుచేయాలి. మాస్కు పెట్టుకోలేదని మనిషిని తిట్టడంతో సరిపెట్టకూడదు. ఈ పరీక్షల రికార్డుల సంగతికొస్తే, భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత, 1987లో సవరించిన ఫ్యాక్టరీల చట్టమే ప్రమాదకర పనుల్లో ఉన్నవారి ఆరోగ్య రికార్డులు ఉంచాలనీ, అవి కార్మికుడికి అందుబాటులో ఉండాలనీ చెప్పింది. మాలో చాలామందిమి మా రికార్డు ఎప్పుడూ చూడలేదు.

కుట్టు లైన్ల మీద ఉన్న ఆడవాళ్ల మాట ప్రత్యేకంగా వినండి. మిషను వదిలి లేస్తే పీసులు తగ్గుతాయి, సూపర్‌వైజరు అరుస్తాడు. అందుకని మంచినీళ్లే తాగరు. మూత్రంలో మంట, జ్వరం, ఒక రోజు జీతం పోవడం, మళ్లీ అదే లైను. గోడమీద మాత్రం "రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగండి" అని పోస్టరు. అది ఎవరు రాయించారో గానీ, బాత్రూమ్‌కి వెళ్లడానికి అడగక్కర్లేని మనిషే అయ్యుంటాడు. ఇక్కడ పెట్టాల్సిన లక్ష్యం "ఆరు నెలల్లో ఈ ఇన్‌ఫెక్షన్లు సగం కావాలి" అని. దానికి మందు ప్రతి లైనుకీ ఒక అదనపు మనిషి. ఎవరు లేచినా ఆ మిషను మీద ఆ మనిషి కూర్చుంటుంది, పీసుల లెక్కా చెడదు.

2025లో రోజు పని గంటలను 9 నుంచి 10కి పెంచే సవరణను రాష్ట్ర ప్రభుత్వం తెచ్చింది. చోడవరం, యలమంచిలి వైపు నుంచి కంపెనీ బస్సుల్లో వచ్చేవారికి రాకపోకల సమయం దీనికి అదనం. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య ఎన్ని గంటలు ఇంటిదగ్గర ఉన్నామన్నదీ కొలవండి. అది కొలవకుండా ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఉపన్యాసాలు మాకొద్దు.

కాంట్రాక్టు కార్మికులనూ, ఒడిశా, బీహార్‌ల నుంచి వచ్చినవారినీ లెక్కలో చేర్చాలి. పరీక్ష ఫలితం డాక్టరుకీ మనిషికీ మధ్యనే ఉండాలి. అది హెచ్‌ఆర్ బల్ల మీదికి వెళ్లి, షుగరు ఉందని కాంట్రాక్టు పొడిగించకపోతే శిబిరానికి ఇంకెవరూ రారు. విభాగాలవారీ అంకెలను మాత్రం పేర్లు లేకుండా మూడు నెలలకోసారి గేటు దగ్గర తెలుగు, ఒడియా, హిందీల్లో అంటించాలి.

తమరు ఫ్యాక్టరీల శాఖ, ఈఎస్‌ఐ అధికారులనూ, యాజమాన్యాలనూ, మేం ఎన్నుకున్న ప్రతినిధులనూ ఒకచోట కూర్చోబెట్టండి. ప్రతినిధుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. వచ్చే శిబిరానికి ముందే ఆ సమావేశం జరిపించి, తేదీ మాకు రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
అచ్యుతాపురం, రాంబిల్లి, పరవాడ మండలాల కర్మాగారాల కార్మికులు