పరాయి మైదాన్‌లో మెహమాన్‌గా ఒక సాయంత్రం

"ఆఖరి అష్రాలో ఇబాదత్ వదిలేసి ఫుట్‌బాల్ కోసం కేరళ పోయేవాళ్ళని నిన్నే చూస్తున్నా" అని మా ఫుప్పు ఆ రోజు అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. తల వంచుకుని బ్యాగు సర్దుకున్నాను. ఇప్పుడు జవాబు ఉంది. ఆలస్యమైనా చెప్పాల్సిందే కాబట్టి రాస్తున్నాను. ఇది ఫుప్పుకే కాదు, మన ఘరానాల్లో ఆటంటే వక్త్ బర్బాద్ అనుకునే పెద్దలందరికీ.

2023 ఏప్రిల్, రంజాన్ నెల. ఆ ఏడు సూపర్ కప్ పోటీలు కేరళలో రెండుచోట్ల జరిగాయి. ఒకటి కోళిక్కోడ్, రెండోది మలప్పురం జిల్లా మంజేరి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఉన్న గ్రూపు మంజేరిలో పడింది. 13వ తేదీ ఈస్ట్ బెంగాల్‌తో మ్యాచ్. మర్నాడు అంబేడ్కర్ జయంతి సెలవు, ఆపైన శని, ఆదివారాలు. ఎనిమిదో తరగతి చదివే నా బేటీ క్యాలెండర్ తెచ్చి నా ముందు పెట్టింది. "అబ్బా, లెక్క సరిపోయింది" అంది. వాళ్ళ అమ్మీ నావైపు చూసింది. నేను టికెట్ల వైపు చూశాను.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో పాలక్కాడ్ దాకా, అక్కడినుంచి పెరింతల్‌మన్న మీదుగా బస్సులో మంజేరి. సఫర్‌లో రోజా విషయంలో రుఖ్సత్ ఉంది, రైల్లో వాడుకున్నాం. మ్యాచ్ రోజు మాత్రం ముగ్గురం రోజా పెట్టాం. ఊరంతా రోజాతో ఉంటే మేము చాయ్ తాగుతూ తిరగడానికి మనసొప్పలేదు.

మంజేరి పెద్ద ఊరేమీ కాదు. మన నంద్యాల లాంటి బజారు, బస్టాండు, ఇరుకు రోడ్లు. కానీ మలప్పురం జిల్లాకి ఫుట్‌బాల్ అంటే ఉన్న షౌక్ సంగతి దునియాకి తెలుసు. అంతకు ముందు ఏడాది ప్రపంచ కప్ వేళ, పక్కనే ఉన్న కోళిక్కోడ్ జిల్లాలో పుల్లావూరు కుర్రాళ్ళు వాగులో మెస్సీ, నేమార్ కటౌట్లు నిలబెడితే ఆ ఫోటోలు దేశదేశాలు తిరిగాయి. కోసిన పొలాల్లో, ఖాళీ జాగాల్లో జట్టుకి ఏడుగురు చొప్పున ఆడే 'సెవెన్స్' టోర్నమెంట్లకి జనం టికెట్ కొని వస్తారు. అనస్ ఎడతొడిక, ఆషిక్ కురునియన్ లాంటి ఇండియా ఆటగాళ్ళు ఈ జిల్లావాళ్ళే. అసలు మా హైదరాబాద్ జట్టులో ఆడుతున్న అబ్దుల్ రబీహ్ కూడా మలప్పురం పిల్లోడే.

స్టేడియం ఊరికి కాస్త దూరంగా పయ్యనాడ్ దగ్గర ఉంది. గేటు ముందు ఆటో దిగాం. ముగ్గురి ఒంటిమీదా హైదరాబాద్ పసుపు జెర్సీలు. కేరళ బ్లాస్టర్స్ రంగు కూడా పసుపే. నలుగురు కుర్రాళ్ళు మమ్మల్ని చూసి ఖుషీగా చేతులూపుతూ వచ్చారు. దగ్గరికొచ్చి జెర్సీ మీద గుర్తు చూసి ఆగిపోయారు. ఒకడు "హైదరాబాద్!" అన్నాడు, మొహం మాడ్చుకుని. నాకు గుండె జల్లుమంది.

ఎందుకో చెప్పాలి. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఐఎస్‌ఎల్ ఫైనల్. బ్లాస్టర్స్ మీద మేమే గెలిచాం. 1-1 దగ్గర ఆగిన మ్యాచ్ పెనాల్టీలకి పోతే మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. ఆ రోజు స్టేడియం నిండా కేరళ జనమే. పట్టికలో పైన ఉన్న జట్టు కాబట్టి పసుపు రంగు మాకు దక్కింది, వాళ్ళ ఆటగాళ్ళు వేరే జెర్సీ వేసుకోవాల్సి వచ్చింది. నేను ఇంట్లో టీవీ ముందు గంతులేశాను. ఆ ఫైనల్ చూడ్డానికి కేరళనుంచి బయలుదేరిన ఇద్దరు కుర్రాళ్ళు దారిలోనే రోడ్డు ప్రమాదంలో చనిపోయారని మర్నాడు చదివాను. చదివి, పేజీ తిప్పేశాను.

మాడ్చుకున్న ఆ మొహం రెండు క్షణాలే. తర్వాత వాడే నవ్వి నా బేటీ చేతిలో జెండా కర్ర సరిచేసి ఇచ్చాడు. మేము వెళ్ళాల్సిన గేటు ఎటో తెలీక తచ్చాడుతుంటే ముందు నడిచి చూపించాడు. మాకు మలయాళం రాదు, వాళ్ళకి తెలుగు రాదు, ఉర్దూ అసలే రాదు. మనలో చాలామందికి ముసల్మాన్ అంటే ఉర్దూ వచ్చి తీరాలన్న గుమాన్ ఒకటి ఉంది కదా, అది మంజేరిలో పోయింది. సలాం, జవాబు. ఆ తర్వాత సైగలు, ఆటగాళ్ళ పేర్లు. వాటితోనే గడిచిపోయింది.

మగ్రిబ్ దగ్గర పడింది. మా దగ్గర ఖజూర్లు, నీళ్ళ సీసా తప్ప ఏమీ లేవు. పక్కన ఒక కుటుంబం కూర్చుని ఉంది. ముసలాయన, ఆయన కోడలు, ముగ్గురు పిల్లలు. ఆ అమ్మాయి ఏమీ అడక్కుండా మా ముందు కాగితం పరిచింది. సమోసాలు, అరటి నేంద్రం ముక్కలు, గ్లాసుల్లో వేడి తరికంజి. రవ్వతో పాలతో కాచిన తియ్యటి గంజి అది. ఒక్క గుటక తాగగానే మా దాదీ గుర్తొచ్చింది. రంజాన్‌లో మొహల్లా మస్జిద్ నుంచి డబ్బాతో తెచ్చే గంజి! రుచి వేరు, పేరు మాత్రం ఒక్క అక్షరం తేడా. "కంజి, గంజి" అని నా బేటీ వాళ్ళ పిల్లలకి చెబితే, అది వాళ్ళకి ఆ రాత్రంతా తమాషా అయిపోయింది.

ముసలాయన సౌదీలో చాలా ఏళ్ళు పనిచేశారట. అక్కడ నేర్చుకున్న హిందీలో నెమ్మదిగా మాట్లాడారు. ఫటోర్డా ఫైనల్ మాటొచ్చింది. నేను మెల్లగా ఆ ఇద్దరు కుర్రాళ్ళ సంగతి ఎత్తాను. ఆయన గ్లాసు కింద పెట్టి దువాకి చేతులెత్తారు. నేనూ ఎత్తాను. తర్వాత నా వైపు చూసి, "కప్పు మీకు పోయిందని మాకు బాధ. అది ఆట. ఆ పిల్లలు పోయింది ఆట కాదు" అన్నారు. అంతే. మళ్ళీ గంజి పోశారు.

నాకు సిగ్గేసింది. దానికి కారణం చెప్పకపోతే ఈ వ్యాసం రాయడంలో దియానత్ ఉండదు.

అంతకు కొన్నాళ్ళ ముందు మా ఊళ్ళో మ్యాచ్. కేరళ జట్టు జెర్సీలో ఒక కుటుంబం పొరపాటున మా వైపు వచ్చి కూర్చుంది. భార్యాభర్త, చేతిలో చిన్న పాప. మా వరసలోని కుర్రాళ్ళు మొదట నవ్వారు, తర్వాత అరిచారు, తర్వాత ఇక్కడ రాయలేని మాటలన్నారు. ఆ మనిషి పాపని ఎత్తుకుని లేచి వెళ్ళిపోయాడు. నేను అనలేదు. కానీ ఆపనూ లేదు. పక్కన నా బేటీ కూర్చుని ఉంది, అంతా చూసింది. ఇంటికి వచ్చేటప్పుడు "అబ్బా, వాళ్ళు మన మెహమాన్లు కాదా?" అని అడిగింది. "స్టేడియంలో అవన్నీ మామూలే బేటా" అన్నాను.

మామూలు కాదని మంజేరిలో తెలిసింది. మెహమాన్‌నవాజీ గురించి మనం ఎంత గొప్పగా చెప్పుకుంటాం! హైదరాబాదీ తహజీబ్ అంటాం, దస్తర్‌ఖాన్ అంటాం. ఇంటికొచ్చినవాడికి బిర్యానీ పెట్టడం తేలికే, వాడు మనల్ని పొగిడి పోతాడు. మన జట్టు ఓడిపోవాలని కోరుకుంటూ వచ్చినవాడికి చోటివ్వడం కష్టం. అదబ్ పరీక్ష అక్కడే. నా వాళ్ళు కాబట్టి వాళ్ళు చేసిందంతా రైటే అనుకోవడాన్ని అసబియ్యత్ అంటారని పిల్లలకి చెబుతాం. మైదాన్ గేటు దగ్గరికి రాగానే ఆ పాఠాన్ని బయటే వదిలేస్తాం.

మ్యాచ్ సంగతి. 3-3, డ్రా. మేము గోల్ కొట్టినప్పుడు మా ముగ్గురి అరుపు మాకే వింతగా వినిపించింది, చుట్టూ అంత తక్కువ మంది మావాళ్ళు. పరాయి మైదాన్‌లో కూర్చుంటే తెలిసేది ఇదే. ఎక్కువమందిలో ఒకడిగా ఉన్నప్పుడు మన గొంతు ఎంత పెద్దదో మనకి తెలీదు. తక్కువమందిలో ఉన్నప్పుడు, పక్కవాడి దయ ఎంత అవసరమో తెలుస్తుంది. ఈ దేశంలో మనకి ఈ సంగతి వేరే విధంగా తెలుసు కదా అంటారేమో. తెలుసు. అందుకే మనం ఎక్కువమందిగా ఉన్న చోట మన నడత ఇంకా బాగుండాలి అంటున్నాను.

ఇక రెండో మాట. ఆ రాత్రి నాకు అసూయ కూడా కలిగింది. మంజేరిలో ఉన్నది ఒకప్పుడు మాకూ ఉండేది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుని తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఇండియాని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి తీసుకెళ్ళారు. 1962లో జకార్తాలో స్టేడియం మొత్తం ఇండియాకి ఎదురుగా అరుస్తుంటే, కేన్సర్‌తో ఉన్న ఆ మనిషి జట్టుతో ఏషియాడ్ స్వర్ణం గెలిపించారు. పరాయి మైదాన్ అంటే అది! ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో, ఆయన ఇంతెఖాల్ అయ్యారు. సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆయన చేతిలో తయారైనవారే. సినిమా వచ్చాక మన పిల్లలకి రహీం సాబ్ పేరు తెలిసింది. అప్పటిదాకా మనమేం చేశామో మనల్ని మనమే అడగాలి.

ఆ విరాసత్ ఎటు పోయింది? మైదాన్లు ఫంక్షన్ హాళ్ళయ్యాయి, పార్కింగులయ్యాయి. మిగిలినచోట గంటకి ఇంతని డబ్బు కట్టి ఆడే టర్ఫులొచ్చాయి. ఆ లోటులోకి 2019లో ఒక జట్టు వచ్చింది. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. మూడేళ్ళలో ఛాంపియన్ అయింది. తర్వాత డబ్బు ఇబ్బందులు, ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా వెళ్ళిపోవడం. చివరికి 2025లో జట్టే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. పుణెవాళ్ళ గమ్ మీద మా ఖుషీ మొదలైంది, మా గమ్ మీద ఢిల్లీవాళ్ళది. నా బేటీ జెర్సీ అల్మారాలో మడతపెట్టి ఉంది. ఇప్పుడది ఏ జట్టుదీ కాదు.

మంజేరికి ఆ భయం లేదు. 2022లో ఇదే పయ్యనాడ్‌లో సంతోష్ ట్రోఫీ ఫైనల్ మే 2 రాత్రి, ఈద్‌కి ముందు రాత్రి జరిగింది. కేరళ బెంగాల్‌ని పెనాల్టీల్లో ఓడించింది. పండగ బజారు పెట్టుకుని కూడా జనం వేలల్లో స్టేడియానికి వచ్చారు. అక్కడ ఏ కంపెనీ వచ్చినా పోయినా ఆట ఉంటుంది, ఎందుకంటే ఆట కంపెనీది కాదు, మొహల్లాది. మాది కొనుక్కొచ్చిన జట్టు, కొన్నవాళ్ళతోనే వెళ్ళిపోయింది. తప్పు కొన్నవాళ్ళదే అనను. కిందనుంచి మనం ఏమీ నిలబెట్టలేదు.

కాబట్టి ఫుప్పూ, ఇదిగో నా జవాబు. నేను ఇబాదత్ వదిలి వెళ్ళలేదు. ఎప్పుడో నేర్చుకోవాల్సిన అదబ్ నేర్చుకోవడానికి వెళ్ళాను, వెళ్ళేటప్పుడు ఆ సంగతి నాకూ తెలీదు.

మీ అందరితో నా గుజారిష్ రెండే మాటలు. ఒకటి, ఏడాదికి ఒక్కసారైనా పిల్లల్ని, బేటీలతో సహా, పరాయి ఊరి మైదాన్‌కి తీసుకెళ్ళండి. ఫుట్‌బాలే కానక్కర్లేదు. కబడ్డీ, వాలీబాల్, ఏదైనా సరే. పక్క మండలమైనా సరే. తక్కువమందిలో కూర్చుని ఆట చూడనివ్వండి. వాళ్ళకి ఎవరైనా చోటిస్తే ఆ సంగతి మర్చిపోనివ్వకండి. రెండు, మన మొహల్లాలో మిగిలిన ఆ కాస్త ఖాళీ జాగాని పిల్లల కోసం కాపాడండి. జల్సాకి షామియానా వేయడానికి చందాలిచ్చే మనం, రెండు గోల్‌పోస్టులకీ ఒక నెట్‌కీ ఇవ్వలేమా? సాయంత్రం అస్ర్ తర్వాత గంటసేపు అక్కడ ఒక పెద్దమనిషి నిలబడితే చాలు, కుర్రాళ్ళు ఆటా నేర్చుకుంటారు, నోరు అదుపులో పెట్టుకోవడమూ నేర్చుకుంటారు.

మంజేరినుంచి వచ్చేటప్పుడు ఆ ముసలాయన నంబరు తీసుకున్నాను. ప్రతి ఈద్‌కీ ముబారక్ పంపుకుంటాం. హైదరాబాద్ జట్టు ఢిల్లీకి పోయిందని తెలిసినప్పుడు ఆయనే ఫోన్ చేశారు, ఇంట్లో మౌత్ అయినప్పుడు చేసినట్టు. "మీ పాప ఏమంటోంది?" అని అడిగారు. ఏడుస్తోందని చెప్పాను. "ఇక్కడికి తీసుకురండి. సెవెన్స్ మొదలవుతాయి. ఏ జట్టు జెర్సీ అయినా వేసుకు రమ్మనండి, చోటు ఉంటుంది" అన్నారు.

ఇంషా అల్లాహ్, వెళ్తాం. ఈసారి ఫుప్పుని కూడా అడుగుతాను.